అబ్బాయి టర్నరండీ!

క్రిందటి మాఘమాసంలో మా ఇంట్లో ఒక పెళ్లి సంబంధం గురించి మాటలు జరిగాయి. పెళ్లికొడుకు మావాడు కాదు. హైదరాబాదు బాలానగరులో నాకొక చిన్న వర్కుషాపు ఉంది; అందులో ఏడేళ్లుగా పనిచేస్తున్న కుర్రవాడు. తండ్రి లేడు. తల్లి నల్గొండ దగ్గర పల్లెటూళ్లో ఉంటుంది. "మీరే పెద్దదిక్కు సార్" అన్నాడు గనుక నేను పెద్దరికం నెత్తిన వేసుకుని, చలువ పంచె కట్టుకుని కూర్చున్నాను.

పెళ్లికూతురు తండ్రిగారు ఆర్.టి.సి.లో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. నెమ్మదైన మనిషి. మా ఆవిడ ఇచ్చిన కాఫీ అందుకుని, "అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?" అని అడిగారు.

"టర్నరండీ" అన్నాను.

కాఫీ గ్లాసు పెదవుల దాకా వెళ్లి ఆగిపోయింది.

"టర్నరంటే...?"

"లేతు మిషను మీద ఇనుము కోసేవాడండీ. ఇప్పుడు మావాడు నడిపేవి కంప్యూటరు మిషన్లు."

"ఓహో, కంప్యూటరన్న మాట!" ఆయన ముఖం వికసించింది.

"కంప్యూటరే గాని, దానికి నూనె మరకలుంటాయి" అన్నాను, ఉన్న మాట దాచడం ఇష్టం లేక. వికసించిన ముఖం మళ్లీ ముడుచుకుంది.

జీతం అడిగారు. నెలకు 38 వేలు అని చెప్పాను. ఆయన కాసేపు ఏదో లెక్క వేసుకుని, తన పెద్దల్లుడికి 24 వేలేనని ఒప్పుకున్నారు. "కాని అతనిది ఆఫీసు కదండీ" అన్నారు వెంటనే. ఆ "కదండీ"లో ఉన్న బరువు మా షెడ్డులో ఏ ఉక్కు దిమ్మకూ లేదు.

తరవాత మాటల సందర్భంలో మా పిల్లల సంగతి వచ్చింది. మా అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాడని మా ఆవిడ చెప్పింది. ఆయన నావైపు తిరిగి, ఎత్తిపొడుపు ఏమీ లేకుండా, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు:

"ఇంత మంచి పని అంటున్నారు. మరి మీ అబ్బాయిని ఇందులో ఎందుకు పెట్టలేదండీ?"

నా నోట మాట రాలేదు. "ఇంకొంచెం కాఫీ పొయ్యమంటారా?" అని మా ఆవిడ నన్ను గట్టెక్కించింది. సంబంధం తేలకుండానే ఆయన సెలవు తీసుకున్నారు. ఆ వేళ చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు మీకు చెబుతాను. మీ ఇళ్లల్లోనూ పదో తరగతి పిల్లలుంటారు కాబట్టి ఇది నా ఒక్కడి గొడవ కాదనుకుంటున్నాను.

అల్లుడుగారు ఫ్యాక్టరీలో

నేను 1971లో పదో తరగతి పాసయ్యాను. మా నాన్నగారు కృష్ణా జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. నన్ను ఇంటరులో చేర్పించే స్తోమతు లేక ఐ.టి.ఐ.లో చేర్పించారు. ఈ ఐ.టి.ఐ.లు మన దేశంలో 1950లో మొదలైన శిక్షణ పథకం కింద వెలిశాయి. ఫ్యాక్టరీలు పిల్లల్ని అప్రెంటిసులుగా తీసుకుని పని నేర్పాలని 1961లో చట్టం కూడా వచ్చింది. రెండేళ్లు ఐ.టి.ఐ.లో టర్నరు పని, ఆ పైన ఏడాది అప్రెంటిసు. 1975లో హైదరాబాదులో ఒక ప్రభుత్వరంగ ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగమైంది.

చెబితే నమ్మరుగాని, అప్పుడు నాకు పిల్లనిస్తామని ముగ్గురు వచ్చారు. అప్పటి హైదరాబాదు ముఖచిత్రం అది. సికింద్రాబాదులో 1943 నాటి ప్రాగా టూల్స్, సనత్‌నగర్‌లో ఆల్విన్, రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. ఫ్యాక్టరీ కూత వేస్తే పేట పేటంతా గడియారం సరిచేసుకునేది. అటువంటి ఫ్యాక్టరీలో పనివాడంటే నెల తిరిగేసరికి జీతం, ప్రావిడెంటు ఫండు, చవకగా కాంటీను భోజనం, జబ్బు చేస్తే ఆసుపత్రి. కొన్నిచోట్ల క్వార్టర్సు, పిల్లలకు బడి కూడాను. "అల్లుడు ఫ్యాక్టరీలో" అని మా మామగారు నలుగురిలో తలెత్తుకుని చెప్పుకునేవారు. నా గోళ్లకింద నల్లని నూనె ఆయనకు కనపడలేదు. కనపడినా, అది జీతం రాళ్ల రంగుగానే కనపడింది.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, చేతులకు మురికి అంటుతుంది గనుక చదువుకున్న పిల్లలు ఈ పనికి రారని మనం తేలికగా అనేస్తాం. ఆనాడు మాత్రం చేతులకు మురికి అంటలేదా? పని అదే. లేతు అదే. పని చుట్టూ ఉన్న భద్రత, ముందు ఏమవుతామో తెలిసిన ధీమా, అవి పోయాయి. వాటితోపాటే గౌరవం కూడా చల్లగా జారుకుంది.

2001లో నేను స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. వచ్చిన డబ్బుతో బాలానగరులో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని మూడు పాత లేతులు వేశాను. ఇప్పుడు వాటికి తోడు మూడు సి.ఎన్.సి. మిషన్లున్నాయి. పధ్నాలుగు మందిమి పనిచేస్తున్నాం.

టీ కొట్టు దగ్గర సభ

మా వీధి చివర ఒక టీ కొట్టుంది. సాయంత్రం పూట షెడ్ల యజమానులం అక్కడ చేరతాం. మా సభకు ఎజెండా ఒక్కటే: ఈ కాలం కుర్రవాళ్లు. "ఒళ్లు వంగదండీ వీళ్లకు" అని ఒకరు. "ఫోను చేతికొచ్చాక పని చేతికి రావడం లేదు" అని ఒకరు. అందరికంటె గట్టిగా మాట్లాడేవాణ్ణి నేనే. ఎందుకంటే ఆ ఏడు నా హాజరుపట్టీలో తొమ్మిదిమంది కొత్త పేర్లు ఎక్కితే, సంక్రాంతికి ఆరు కొట్టివేతలు కనపడ్డాయి. ఒకడు కానిస్టేబులు పరీక్షకు చదువుతానని వెళ్లాడు. ఒకడు సెల్‌ఫోన్ల దుకాణంలో చేరాడు. ఒకడు దుబాయి వెళ్లాడు. ముగ్గురు ఏమీ చెప్పకుండానే మాయమయ్యారు.

ఆ మాయమైనవాళ్లలో ఒకణ్ణి శ్రావణమాసంలో మళ్లీ చూశాను. ఆ రాత్రి వాన దంచి కొడుతోంది. మా ఆవిడకు ఒంట్లో బాగాలేక, మా మనవరాలు ఫోనులో ఎక్కడినుంచో ఇడ్లీ తెప్పించింది. తలుపు తీసేసరికి ఎదురుగా తడిసి ముద్దయి, నెత్తిన హెల్మెటు, చేతిలో పొట్లంతో మావాడు! లిఫ్టు పనిచేయక మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. నన్ను చూసి తత్తరపడ్డాడు. లోపలికి రమ్మని తువ్వాలు ఇచ్చాను.

"ఏమిరా, ఎండనక వాననక ఈ తిరుగుడు ఏం సుఖం? షెడ్డులో నీడపట్టున ఉండేవాడివి కదా" అన్నాను.

వాడు తల తుడుచుకుంటూ అన్నాడు: "నీడ ఉంది సార్, కాదన. కని ఎన్మిది నెలలు ఊడ్సిన. చాయ్ తెచ్చిన. మిషన్ మీద చెయ్యి పెట్టనియ్యలే. ఇగ మూడేండ్లయినంక నేనేమయితనో అడుగుదామంటే, అడిగెటోన్ని కూడా కాదు నేను. గిక్కడ పొద్దూకంగ ఎంతొచ్చిందో ఫోన్ల కనపడ్తది."

వాడు వెళ్లిపోయాక ఆ ఇడ్లీ నాకు సయించలేదు. ఒళ్లు వంగనివాడు వానలో మూడంతస్తులు ఎక్కుతాడా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేనే ఇన్నాళ్లూ మాట్లాడాను. పని చూసి భయపడి వాడు పారిపోలేదు. ముందున్న మెట్టు కనపడక వెళ్లాడు. అక్కడైనా మెట్టుందని కాదు. ఆ బండిమీద పదేళ్లు తిరిగినా వాడు మొదటిరోజు వాడే. కాని ఈరోజు లెక్క ఈరోజు తెలుస్తుంది. మేము ఈరోజు లెక్కా చెప్పలేదు, రేపటి సంగతీ చెప్పలేదు.

గోడమీద అయిదు మెట్లు

మర్నాడు పెయింటరును పిలిపించి, షెడ్డు గోడమీద తెలుగులో, పెద్ద అక్షరాలతో ఇలా రాయించాను.

మొదటి మెట్టు, మూడు నెలలు: కొలతలు, జాగ్రత్తలు. రెండో మెట్టు, ఏడాది: పాత లేతు మీద సొంతంగా పని. మూడో మెట్టు, రెండేళ్లు: సి.ఎన్.సి. ఆపరేటరు. నాలుగో మెట్టు, మూడేళ్లు: సెట్టరు. అయిదో మెట్టు, నాలుగేళ్లు: ప్రోగ్రామరు. ప్రతి మెట్టు ఎదుటా ఎంత జీతమో అంకెల్లో వేయించాను. ఊడవడం అందరికీ వంతులవారీగా, నాతో సహా.

ఈ మాటలు తెలియనివారికి ఒక్క ముక్కలో చెబుతాను. ఆపరేటరు మిషనులో ముక్క బిగించి, నడిపి, కొలిచి చూస్తాడు. సెట్టరు ఏ పనిముట్టు ఎక్కడ బిగించాలో, ఎక్కడినుంచి కోత మొదలు కావాలో సరిచేస్తాడు. ప్రోగ్రామరు బొమ్మ చూసి, ఏ వేగంతో, ఎంత లోతు, ఏ వరసలో కోయాలో మిషనుకు దాని భాషలో రాసిస్తాడు. ముగ్గురూ ఒక్కటి కాదు. జీతాలూ ఒక్కటి కావు. బయటివారికి ముగ్గురూ "వర్కుషాపులో ఏదో చేస్తాడు" అనే మాటలో కలిసిపోతారు.

మొదటి మెట్టే అన్నిటికంటె ముఖ్యమని నాకు నేర్పిన మేస్త్రీ చెప్పేవారు. ఐ.టి.ఐ.లో మొదటివారాలు ఆకురాయి పట్టి ఒక ఇనుప దిమ్మను రుద్దడమే పని. మూలమట్టం పెట్టి దీపానికి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుగు రాకూడదు. చేతులు బొబ్బలెక్కుతాయి. ఒకరోజున వెలుగు ఆగిపోతుంది. ఆ రోజు ఆ కుర్రవాడి ముఖంలో కనపడే వెలుగు ఏ సినిమాహాల్లోనూ చూడలేదు నేను.

మైక్రోమీటరు మిల్లీమీటరులో నూరోవంతు చూపుతుంది. మన తలవెంట్రుక మందం సుమారు అందులో ఐదు నుంచి పది వంతులు. కోత నుంచి అప్పుడే వచ్చిన ముక్క వేడిగా ఉంటుంది. వంద మిల్లీమీటర్ల ఉక్కు ముక్క ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడిమీద ఉంటే నూరోవంతుల్లో రెండు పైచిలుకు పెరుగుతుంది. వేడిమీద కొలిచి "సరిపోయింది" అన్నవాడి ముక్క చల్లారాక చిన్నదైపోతుంది, తీసిపారెయ్యడమే. "తొందరపడకు, చల్లారనీ" అనే మాట మా పనిలో వేదాంతం కాదు, లెక్క. పెళ్లికొడుకు కుర్రవాడు ఈ ఒక్క సంగతి తెలియక చేరిన కొత్తలో ఇరవై ముక్కలు పాడుచేశాడు. నేను కేకలేశాను. వాడు ఆ రాత్రి ఇంటికి పోకుండా కూర్చుని, వేడిమీద ఒకసారి, చల్లారాక ఒకసారి కొలిచి, తేడాలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పటికీ మా షెడ్డులో ఉంది. కొత్తవాళ్లకు పాఠ్యగ్రంథం అదే.

తల్లిదండ్రులకు తెలియని దారులు

"ఐ.టి.ఐ.లో చేరితే చదువు అక్కడితో ఆఖరేకదా" అని చాలామంది తల్లిదండ్రులు నాతో అన్నారు. ఇది పొరపాటు. మంచి మార్కులతో రెండేళ్ల ఐ.టి.ఐ. పాసై, బ్రిడ్జి కోర్సు చదివి, ఎల్‌పిసెట్ అనే పరీక్ష రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమాలో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. డిప్లొమా పాసయ్యాక ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో సంవత్సరంలో చేరవచ్చు. అంటే ఐ.టి.ఐ. గుమ్మంలోంచి లోపలికి వెళ్లినవాడు ఇంజనీరింగు డిగ్రీ చేతబట్టుకుని బయటికి రావచ్చు. చేతికి పని కూడా వచ్చి ఉంటుంది. మా బాలానగరులోనే 1968లో నెలకొల్పిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. అచ్చులు, డైలు తయారుచేసే విద్యలో పదో తరగతి తరవాత నాలుగేళ్ల డిప్లొమా అక్కడ చెబుతారు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూన్‌లో 65 ఐ.టి.ఐ.లను కొత్తరకం మిషన్లతో తీర్చిదిద్దే పనికి మల్లేపల్లిలో శంకుస్థాపన చేసింది.

అప్రెంటిసు సంగతి కూడా చెప్పాలి. 2019లో సవరించిన నిబంధనల్లో అప్రెంటిసుకు ఇవ్వవలసిన కనీస భృతి చదువునుబట్టి నెలకు 5,000 నుంచి 9,000 రూపాయలని పెట్టారు. ముప్ఫైమంది, ఆ పైన ఉన్న సంస్థలు అప్రెంటిసులను తీసుకుని తీరాలి. మాబోటి చిన్న షెడ్లకు అది ఇష్టాన్నిబట్టి. 2016లో వచ్చిన పథకం కింద భృతిలో నాలుగోవంతు, 1,500కు మించకుండా, కేంద్రప్రభుత్వం భరిస్తుంది. ఇది ఎన్నో ఏళ్లు నాకే తెలియదు. తెలిసినాక ఇద్దరిని తీసుకున్నాను.

చట్టం మాట వచ్చింది గనుక నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఓవర్‌టైముకు రెట్టింపు వేతనమివ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మా షెడ్డు చిన్నది, మనకెందుకులే అని చాలాకాలం నేను టీ, సమోసాలతో సరిపెట్టాను. సమోసా తిని రాత్రి పదిదాకా ఉన్నవాడు మర్యాదకు ఉన్నాడు, అభిమానంతో కాదు. ఇప్పుడు రెట్టింపు ఇస్తున్నాను. చేరిన రోజునే నియామక పత్రం కూడా ఇస్తున్నాను. ఆ కాగితం కుర్రవాడు మడిచి జేబులో పెట్టుకుని, ఆదివారం ఊరికి తీసుకెళ్లి తల్లికి చూపిస్తాడు. దాని విలువ అప్పుడుగాని నాకు తెలియలేదు.

"ఇవన్నీ చెయ్యడానికి డబ్బెక్కడిదండీ?" అని టీ కొట్టు సభలో నన్ను నిలదీశారు. అది న్యాయమైన ప్రశ్నే. మేము ముక్కలు చేసి పంపితే, పెద్ద కంపెనీలు డబ్బు మూడు నెలలకూ నాలుగు నెలలకూ ఇస్తాయి. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006లో చట్టం వచ్చింది. అడిగితే వచ్చేసారి ఆర్డరు రాదేమోనని మేము అడగం. పై వాడు మాకు ఆపిన డబ్బు మేము కింది వాడికి ఆపుతాం. ఈ గొలుసు చివర ఉన్నవాడు పద్ధెనిమిదేళ్ల కుర్రవాడు. వాడికి ఆపడానికి కింద ఎవరూ లేరు. అందుకని వాడు వెళ్లిపోతాడు. ఉన్నమాట చెప్పాలంటే అన్ని లోపాలూ మా షెడ్లలోనే లేవు. కాని మా చేతిలో ఉన్నవి మేము సరిచేసుకోకుండా, పైవాళ్లను తిట్టుకుంటూ కూర్చుంటే ప్రయోజనమేమిటి?

"రేపు చెబుతాను"

మరొక సంగతి చెబితే మా ఆవిడ సంతోషిస్తుంది, ఎందుకంటే ఇందులో గెలుపు ఆమెది. రెండేళ్ల క్రితం ఐ.టి.ఐ. పాసైన ఒక అమ్మాయి మా షెడ్డుకు వచ్చి ఉద్యోగమడిగింది. మార్కులు బాగున్నాయి. మైక్రోమీటరు ఇస్తే నాకంటె తొందరగా చదివింది. "రేపు చెబుతానమ్మా" అన్నాను. నిజమేమిటంటే మా షెడ్డులో ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి లేదు. అంత మాట చెప్పలేక రేపన్నాను.

ఇంట్లో మా ఆవిడకు చెబితే, "ఇరవై ఏళ్లనుంచి షెడ్డు నడుపుతున్నారు. ఆడపిల్ల పనికి వస్తుందని మీకు తోచనే లేదన్న మాట!" అంది. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీలలో, శ్రీసిటీ ఎలక్ట్రానిక్సు ఫ్యాక్టరీలలో వేలమంది ఆడపిల్లలు పనిచేస్తున్నారని పత్రికలో చదివింది నేనేగాని, ఆలోచించింది మా ఆవిడ. ఆ పెద్దచోట్ల బస్సులున్నాయి, హాస్టళ్లున్నాయి. మనకు ఒక్క గది కట్టడానికి ఏమి రోగం? కట్టించాను. పదిహేను రోజులు పట్టింది. అదృష్టవశాత్తు ఆ అమ్మాయి ఇంకా ఎక్కడా చేరలేదు. ఇప్పుడు తయారైన ముక్కలన్నీ ఆమె కొలిచి ఒప్పుకుంటేనే బయటికి వెళ్తాయి. నా ముక్కనే ఒకసారి వెనక్కి పంపింది. "వేడిమీద కొలిచారేమో సార్" అంది!

నా జవాబు

ఇక పెళ్లికూతురు తండ్రిగారి ప్రశ్నకు వస్తాను. మా అబ్బాయిని ఎందుకు ఈ పనిలో పెట్టలేదు?

వాడికి పదేళ్లప్పుడు, ఒక సెలవు రోజున, ఇత్తడి కడ్డీ లేతుకు బిగించి వాడిచేత బొంగరం చేయించాను. వాడు ఆ బొంగరాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. ఇంటరు చదివే రోజుల్లో షెడ్డుకు వస్తానని వాడే అడిగాడు. నా చేతులు చూపించి, "నా చేతులు ఇట్లా అయ్యాయి, నీవి కావద్దు" అన్నాను. అది ప్రేమతోనే అన్నాను. కాని ఆ మాట విన్న పిల్లవాడికి, తండ్రి చేసే పని చూపించి భయపెట్టేటంతటి పని అని అర్థమైంది.

మొన్న ఈ ముచ్చటే వస్తే మా ఆవిడ అంది: "మీరు ఇంటికొచ్చి రోజూ పనిని తిట్టేవారు. ఒక్కనాడైనా, ఈ వేళ మంచి ముక్క చేశానే అని పిల్లాడికి చెప్పారా? పిల్లాడు మీ చేతుల్ని చూసి భయపడలేదు. మీ మాటలు విని భయపడ్డాడు."

నాకు జవాబు దొరికింది. మా అబ్బాయిని నేను పెట్టకపోవడానికి కారణం పని కాదు. ఆ పనిని నేను లోలోపల ప్రేమిస్తూ, పైకి చిన్నబుచ్చడం. మన ఇళ్లల్లో మార్కులు తక్కువ వచ్చిన పిల్లవాణ్ణి, "చదవకపోతే మెకానిక్కు షెడ్డులో పడేస్తాను" అని బెదిరిస్తాం. ఆ పిల్లవాడే రేపు షెడ్డుకు వస్తే శిక్ష అనుభవించడానికి వచ్చినట్టు వస్తాడు. శిక్ష పడినవాడు గడువుకోసమే ఎదురుచూస్తాడు. ఆ నిలకడ లేనితనానికి విత్తనం మనం వేసిందే.

హైదరాబాదు చిన్న షెడ్లనుంచి వెళ్లిన విడిభాగాలు రాకెట్లలోనూ, ఉపగ్రహాలలోనూ ఉన్నాయి. 2023 ఆగస్టు 23న చంద్రుడిమీద విక్రమ్ దిగినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. శాస్త్రజ్ఞులకు ఆ చప్పట్లు ముమ్మాటికీ చెందాలి. కాని రాకెట్టు బొమ్మ ఎంత గొప్పగా గీసినా, ఎవరో ఒక కుర్రవాడు ఒకచోట నిలబడి, ముక్క చల్లారేదాకా ఓపికపట్టి, కొలిచి ఉండాలి కదా!

ఆరో మెట్టు

సంబంధం సంగతి అడుగుతారు మీరు. ఫాల్గుణంలో ఒకనాడు పెళ్లికూతురు తండ్రిగారు చెప్పా పెట్టకుండా షెడ్డుకు వచ్చారు. కూతుర్నీ వెంటబెట్టుకు వచ్చారు. మావాడు ఆఖరి కోత పెడుతున్నాడు. వచ్చినవాళ్లను చూసీ చూడనట్టు, పని అయ్యేదాకా తల తిప్పలేదు. నాకు గాభరా పుట్టింది గాని, ఆ పెద్దమనిషి మాత్రం చేతులు కట్టుకుని ఓపికగా చూశారు. మిషను ఆగాక మావాడు ముక్కను గుడ్డతో శుభ్రంగా తుడిచి ఆయన అరచేతిలో పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అద్దంలా ఉందే!" అన్నారు.

ఆ అమ్మాయి ఈలోగా గోడమీద మెట్లన్నీ చదివింది. "ఈయన ఎన్నో మెట్టుమీద ఉన్నారండీ?" అని నన్నడిగింది.

"అయిదో మెట్టమ్మా. ఆఖరిది" అన్నాను గర్వంగా.

"దాని తరవాత ఏముందండీ?"

తండ్రికి తగ్గ కూతురు! రెండోసారి నాకు మాట రాలేదు. నిజమే. ఏడేళ్లు నిలిచినవాడికి నా గోడమీద ఇంక మెట్టు లేదు. రెండు పెద్ద కంపెనీలు వాణ్ణి రమ్మంటున్నాయని నాకు తెలుసు. వాడు వెళ్లిపోతే, డెబ్బై ఏళ్ల నేను షెడ్డుకు తాళం వెయ్యవలసిందే. కొత్తవాళ్లు రావడానికి మెట్లు రాశాను గాని, ఉన్నవాడు ఉండడానికి ఏమీ రాయలేదు.

ఆ రాత్రి అమెరికాకు ఫోను చేసి మా అబ్బాయితో అన్నీ చెప్పాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత, "నేను రాలేను కదా నాన్నా. షెడ్డులో అతనికి భాగమివ్వండి" అన్నాడు. ఆగి, "ఆ బొంగరం ఇంకా నా దగ్గరే ఉంది" అన్నాడు.

లాయరుగారు భాగస్వామ్యపు కాగితాలు రాస్తున్నారు. మావాడికి మూడోవంతు. పెళ్లి వైశాఖంలో. శుభలేఖలో పెళ్లికొడుకు పేరుకింద ఏం వెయ్యాలని అచ్చాఫీసువారు అడిగితే, మావాడు "టర్నర్ అనే వెయ్యండి సార్" అన్నాడు. పెళ్లికూతురు తండ్రిగారు అడ్డుచెప్పలేదు.

పెయింటరుకు కబురుపెట్టాను. గోడమీద ఆరో మెట్టుకు చోటు చాలదంటున్నాడు. పైన కిటికీ ఉంది. పక్కకు జరిపి అయినా రాయమన్నాను.